ఎర్ర పెట్టెలు, తోలు సంచి, లోహపు బిళ్ల

జపాన్‌లోని కానాగి స్టేషన్‌లో ఎదురెదురుగా వచ్చిన రెండు బళ్లూ ఆగాక చూడాలి. ఉద్యోగి ఒకరు భుజానికి పెద్ద కడ్డీ వలయం తగిలించుకుని, పట్టాలు దాటి, డ్రైవరు కిటికీ దగ్గరికి నడిచి వస్తారు. వలయం అడుగున తోలు సంచి, సంచిలో లోహపు బిళ్ల. ముందున్న ఒంటి లైనులోకి వెళ్లడానికి అనుమతి ఆ బిళ్లే. డ్రైవరు తాను తెచ్చినది ఇచ్చి, కొత్తది పుచ్చుకుని, వేలితో చూపిస్తూ పైకి చదువుతాడు. అప్పటిగ్గానీ బండి కదలదు. ఒకప్పుడు జపాన్‌లో ఒంటి లైను మీద బళ్లు తప్పుకునే చిన్న ఊరి స్టేషన్లలో తెల్లవారుజాము మొదటి బండి నుంచి రాత్రి ఆఖరి బండి దాకా ఇదే పని. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చోట్లే మిగిలింది. ఆ స్టేషన్లను తలుచుకుంటే చాలామందికి పూలమొక్కలు, చెక్క బెంచీలు, పొయ్యి మీద మరిగే నీళ్లు గుర్తొస్తాయి. నాకు ముందు గుర్తొచ్చేది ఈ వలయం. పూలమొక్కలకు నీళ్లు పోసిన మనిషి అక్కడ ఉన్నది దీనికోసమే.

కానాగి హోన్షూ ద్వీపానికి ఉత్తరపు కొసన, ఆవొమొరి ప్రాంతంలో ఉంది. గోషోగవారా నుంచి త్సుగరు-నాకాసాతో దాకా నడిచే త్సుగరు రైల్వే పొడవు 20.7 కి.మీ., స్టేషన్లు 12. 1930 జులైలో కానాగి దాకా బండి వచ్చింది, అదే ఏడు నవంబరులో నాకాసాతో చేరింది. పట్టాల మధ్య వెడల్పు 1067 మి.మీ., అంటే మన పాత మీటరు గేజీ కంటే నాలుగు వేళ్లు ఎక్కువ. అసలు ఈ చుట్టుపక్కలకి మనుషుల బండి కంటే ముందే దుంగల బండి వచ్చింది. హిబా చెట్ల కలప మోయడానికి ఆవొమొరి నుంచి కానాగి పక్కనున్న కిరాయిచి దాకా సుమారు 67 కి.మీ. అడవి రైలు 1909లోనే పూర్తయింది. ఇప్పుడు లైనుకు రెండు వైపులా వరి పొలాలు, అక్కడక్కడా ఆపిల్ తోటలు, పడమటి నుంచి ఆగని సముద్రపు గాలి. దారిలో ఎదురు బళ్లు తప్పుకోగలిగేది కానాగిలో మాత్రమే. అందుకే ఆ స్టేషన్‌కి ఇంత పని.

కానాగిలో ఇప్పుడున్న భవనం కొత్తది. పాత రూపు చూడాలంటే పక్క స్టేషన్ ఆషినో-కోయెన్‌కి వెళ్లాలి. లైను వేసిన నాటి చెక్క భవనం అక్కడ నిలిచే ఉంది, కాఫీ కొట్టుగా బతుకుతోంది. ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో చెర్రీ కొమ్మలు రెండు పక్కల నుంచి వంగి, బండి పూల కిందనుంచే వస్తుంది. జనం ఆ ఫొటోల కోసం వెళ్తారు. నేనైతే ఆ భవనం ముందు నిలబడి కొలతలు చూడమంటాను. జపాన్ చిన్న స్టేషన్ ఇంత సాదాగా ఉండేది: ఒక్క అంతస్తు, చెక్క గోడలు, ఇటు జనం కూర్చునే గది, అటు ఆఫీసు, మధ్యలో టికెట్ల కిటికీ.

ఆఫీసు ఎప్పుడూ పట్టాల వైపే చూసేది. చాలాచోట్ల కిటికీని గోడలోంచి మూరెడు ముందుకు తెచ్చి కట్టేవారు, కుర్చీలోంచి లేవకుండానే ప్లాట్‌ఫారం రెండు కొసలూ కనపడాలని. రెండో ప్లాట్‌ఫారానికి వంతెన ఉండేది కాదు, పట్టాల మీదుగానే చిన్న నడకదారి. జనం దాటాలి, స్టేషన్ మాస్టరూ వలయం పట్టుకుని దాటాలి. కొన్ని స్టేషన్లలో రెండు ప్లాట్‌ఫారాలను ఒకదానికొకటి ఎదురుగా కాకుండా, పట్టాల వెంట ముందుకూ వెనక్కూ జరిపి కట్టేవారు. అక్కడ రెండు బళ్లు ఆగినా నడకదారి వాటి తోకల వెనక ఖాళీగానే ఉండేది.

ప్లాట్‌ఫారం అంచు కూడా చరిత్ర చెబుతుంది, కాస్త వంగి చూస్తే చాలు. ఆవిరి ఇంజను లాగే పాసింజరు పెట్టెలకు మెట్లుండేవి కాబట్టి 760 మి.మీ. ఎత్తు సరిపోయేది. తరవాత వేరే రకం బళ్లు కూడా అదే స్టేషన్‌కి వస్తుంటే 920కి పెంచారు. కరెంటు బళ్లే నడిచే చోట 1100. పాత రాళ్ల వరస మీద కొత్త రాళ్లు, వాటి మీద సిమెంటు. ఆరేడు పెట్టెల బండికి కట్టిన పొడవాటి ప్లాట్‌ఫారంలో ఇప్పుడు ఒక్క పెట్టె ఆగేంత మేరే ఎత్తు పెంచి ఉంటుంది, మిగతాది పాత ఎత్తులోనే గడ్డి మొలిచి ఉంటుంది. పక్కనే రాతి తొట్టి, వరసగా కుళాయిలు కనపడితే అవి తాగడానికి పెట్టినవి కావు. సొరంగాల్లో పొగ కొట్టుకుని నల్లబడ్డ మొహాలు కడుక్కోవడానికి. దూరంగా ఒంటరిగా ఉన్న ఇటుకల గది దీపాల నూనె గది. మంటకు భయపడి అదొక్కటే ఇటుకతో కట్టేవారు.

ఇక ఎర్ర పెట్టెల సంగతి. ఆఫీసులో రెండు ఇనుప యంత్రాలు ఉండేవి, ఒకటి ఎగువ స్టేషన్‌కి, ఒకటి దిగువ స్టేషన్‌కి తీగతో కట్టినవి. వాటి గంటలు రెండూ వేరే నాదంతో మోగేలా పెట్టేవారు. పెరట్లో ఉన్నా, పొయ్యి దగ్గర ఉన్నా, పిలుస్తున్నది ఏ పక్కవాళ్లో చెవికే తెలియాలి. ఒక్కో పెట్టెలో దొంతరగా లోహపు బిళ్లలు. బిళ్ల అడ్డంగా సుమారు 10 సెం.మీ., మధ్యలో చిల్లు. ఆ చిల్లు నాలుగు రకాలు: గుండ్రం, చతురస్రం, త్రికోణం, కోలగుండ్రం. పక్కపక్క సెక్షన్లకు, అంటే రెండు స్టేషన్ల మధ్య లైను ముక్కలకు, ఎప్పుడూ ఒకే రకం ఇవ్వరు. తోలు సంచికి కూడా మధ్యలో కన్నం ఉంటుంది, బిళ్లను బయటికి తీయకుండానే చిల్లు ఆకారం చూసేందుకు. ఒక సెక్షన్ బిళ్ల పక్క సెక్షన్ పెట్టెలో దూరదు, అంచున గాట్లు వేరు.

పని జరిగే తీరు ఇది. పక్క స్టేషన్‌కి బండి పంపాలంటే ముందు గంట కొట్టి పిలవాలి. అవతలివాళ్లు గంటతోనే పలుకుతారు. తరవాత ఫోను: ఫలానా నంబరు బండి, లైన్ క్లియర్ ఇస్తారా? అవతల లైను ఖాళీగా ఉంటే అక్కడి ఉద్యోగి తన పెట్టె సొరుగును సగం దాకా లాగి, మీట నొక్కిపట్టుకుంటారు. ఆ కరెంటు అందుతున్నంతసేపే ఇక్కడి సొరుగు పూర్తిగా బయటికొస్తుంది. ఒక్క బిళ్ల చేతిలో పడుతుంది. ఆ క్షణం నుంచి రెండు పెట్టెలూ బిగుసుకుంటాయి. ఇక్కడ ఎంత లాగినా రెండో బిళ్ల రాదు, అక్కడ ఎంత లాగినా రాదు. ఆ ఒక్క బిళ్లను బండి మోసుకెళ్లి అవతలి పెట్టెలో వేసేదాకా, లేదా వెళ్లకుండా ఇక్కడే తిరిగి పెట్టేదాకా, ఆ సెక్షన్‌లోకి మరో బండికి అనుమతి పుట్టదు. ఇద్దరు మనుషులు, రెండు ఊళ్లలో, ఒకే సమయంలో ఒప్పుకుంటేనే ఒక బిళ్ల బయటపడుతుంది. ఒక్కరు తప్పు చేయాలన్నా రెండోవారి చెయ్యి కావాలి.

ఈ యంత్రం పుట్టింది ఒక ఘోరంలోంచి. 1874 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని థోర్ప్ దగ్గర, ఒంటి లైను మీద, తంతి మాటలో జరిగిన పొరపాటుతో రెండు బళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. మాట జారిపోతుంది, వస్తువు జారదు అని ఎడ్వర్డ్ టయర్ 1878లో ఈ బిళ్లల పెట్టె తయారు చేశాడు. జపాన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని తెచ్చుకుంది. మన దగ్గర ఒంటి లైను స్టేషన్లలో బిళ్ల బదులు నీల్స్ పెట్టెలోంచి వచ్చే ఇనుప బంతి ఉండేది, బెత్తం చట్రానికి తోలు సంచి కట్టి ఇచ్చేవారు. డ్రైవరు చెయ్యి బయటికి చాపి, కదిలే బండిలోంచి ఆ చట్రాన్ని అందుకోవడం చూసిన తెలుగువాళ్లకు కానాగిలో కొత్తగా అనిపించేది బిళ్ల ఆకారం ఒక్కటే.

ఆగే బండికి చేతి నుంచి చేతికి ఇవ్వచ్చు. ఆగని ఎక్స్‌ప్రెస్‌తోనే తంటా. ప్లాట్‌ఫారం మీద ఒక స్తంభం ఉండేది, దానికి పెద్ద స్ప్రింగు చుట్టలా తిరిగిన ఇనుప కడ్డీ. పాత బిళ్ల వలయాన్ని బండిలోంచి దాని మీదికి విసిరితే, చుట్టల వెంట గిరగిరా తిరిగి కిందికొచ్చి ఆగేది. కొత్త వలయం ఇంకో స్తంభానికి వేలాడుతూ ఉండేది. దాన్ని ఇంజను మనిషి చేత్తోనో, బండి పక్కన బిగించిన కొక్కెంతోనో అందుకునేవాడు. ఇత్తడో ఉక్కో బిళ్ల ఉన్న సంచి అది, వేగానికి ఊగి వచ్చి బండి పక్క గోడను కొట్టేది. అందుకే 1960ల డీజిలు ఎక్స్‌ప్రెస్ బళ్లలో డ్రైవరు తలుపు వెనకున్న మొదటి కిటికీలకు బయట రక్షణ కడ్డీలు కనపడతాయి. పాత ఫొటోల్లో వాటిని చూసి అలంకారం అనుకుంటారు. అవి లేకపోతే అద్దం పగిలి లోపలి ప్రయాణికుడి మీద పడేది.

ఇంత గట్టి ఏర్పాటులోనూ చిక్కులు లేకపోలేదు. చాలా మామూలు చిక్కు బిళ్లలు ఒకవైపు పోగుపడటం. పొద్దున ఒక దిక్కుకు ఎక్కువ బళ్లు నడిస్తే అవతలి పెట్టె నిండుతుంది, ఇవతలి పెట్టె ఖాళీ అవుతుంది. అప్పుడు స్టేషన్ మాస్టరు సంచిలో వేసుకుని తెచ్చుకుంటే కుదరదు. సిగ్నల్ సిబ్బంది వచ్చి, పెట్టె తెరిచి, లెక్క రాసి, మోసుకెళ్లి ఇవతల నింపాలి. రెండో చిక్కు, వలయం గురి తప్పి పడిపోవడం. మంచులో పడితే బండి ఆపి అందరూ దిగి వెతకాల్సిందే. మూడోది, డ్రైవరు పాత బిళ్ల ఇవ్వడం మరిచి పట్టుకుపోవడం. అది వెనక్కి వచ్చేదాకా వెనక సెక్షన్ మూతే.

తీగ తెగి పెట్టెలే పనిచేయకపోతే చివరి ఉపాయం మనిషే. ఒక ఉద్యోగిని ఆ సెక్షన్‌కి గుర్తుగా నియమించి, చేతికి ఎర్ర పట్టీ కట్టి, అతడు ఎక్కిన బండినే నడపడం. బిళ్ల బదులు మనిషి. ఆ మనిషి ఒక్కడే కాబట్టి బండీ ఒక్కటే. కాగితం మీద తిరుగులేని పద్ధతి. కానీ 1945 ఆగస్టు 24న, యుద్ధం ముగిసిన తొమ్మిది రోజులకే, హచికో లైనులో కొమియా, హైజిమా మధ్య గాలివానకు తీగలు పోయి, కబురు అందని స్థితిలో ఎదురెదురు బళ్లు తామా నది వంతెన మీద గుద్దుకున్నాయి. కనీసం 105 మంది పోయారు, వాళ్లలో ఇళ్లకు తిరిగి వెళ్తున్న సైనికులు చాలామంది. జపాన్ రైల్వేవాళ్లు బిళ్లను వేలితో చూపించి గట్టిగా చదవడం మనకు నాటకంలా కనిపిస్తుంది. "త్రికోణం, సరే" అని డ్రైవరు అంటాడు. కన్ను చూసినదాన్ని నోరు, వేలు కూడా ఒప్పుకోవాలి. అలవాటుపడ్డ చెయ్యి చూడకుండానే పుచ్చుకుంటుంది కాబట్టి ఆ కేక.

సిగ్నల్ సంగతి కూడా చెప్పాలి. ఎత్తు స్తంభం, దాని మీద చెక్కదో రేకుదో చెయ్యి. అడ్డంగా ఉంటే ఆగు, 45 డిగ్రీలు కిందికి వాలితే రా. స్టేషన్ దగ్గరున్న లీవరును లాగితే ఇనుప తీగ కప్పీల మీదుగా వందల మీటర్లు పాకి ఆ చేతిని వాలుస్తుంది. ఎండాకాలం తీగ సాగుతుంది, లీవరు పూర్తిగా లాగినా చెయ్యి సగమే వాలుతుంది. చలికాలం బిగుస్తుంది. మధ్యలో ఉన్న బిగింపు మరను రుతువుకు తగ్గట్టు తిప్పుతూ ఉండాలి. తీగ తెగితే ఏమవుతుంది? చేతికి వెనక బరువు కట్టి ఉంటుంది, దానంతటదే అడ్డంగా లేచి "ఆగు" చెబుతుంది. పాడైతే ఆగిపోయేలా కట్టడంలోనే ఆ పాతవాళ్ల తెలివంతా ఉంది. రాత్రిపూట చేతి మొదట్లో ఉన్న ఎర్ర, పచ్చ అద్దాల వెనక దీపం వెలిగేది. నూనె దీపాల రోజుల్లో సందెవేళ నిచ్చెన ఎక్కి వెలిగించడం, పొద్దున ఎక్కి ఆర్పడం చిన్న ఉద్యోగి పని. గాలి వానల్లో కూడా.

పట్టాలు చీలే చోట పాయింట్లు మార్చడానికి నేల మీద బరువు గుండున్న లీవరు ఉండేది. దాని గుండ్రటి ఆకారం చూసి దరుమా అనే గుండ్రటి జపాన్ బొమ్మ పేరు పెట్టుకున్నారు. మనుషులు తగ్గాక చాలా స్టేషన్లలో స్ప్రింగు పాయింట్లు వేశారు. బండి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఒకే లైనులోకి వెళ్తుంది, అవతలి లైనులోంచి బయటికి వెళ్లేటప్పుడు చక్రాలే పాయింటును తోసుకుని పోతాయి, అది నెమ్మదిగా తన చోటుకు తిరిగొస్తుంది. దాంతో ఒక జీతం మిగిలింది. స్టేషన్లు ఖాళీ అవడం ఇలాంటి చిన్న చిన్న మెరుగులతోనే మొదలైంది.

టికెట్ల కిటికీ దగ్గరికి వద్దాం. అట్ట టికెట్టు మనకూ తెలుసు. ఇంగ్లండ్‌లో 1830లలో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టరు కనిపెట్టిన ఆ అట్టముక్కే మన కిటికీల్లోంచీ వచ్చేది. జపాన్‌లో ఒక రకం 3 సెం.మీ. వెడల్పు, 5.75 సెం.మీ. పొడవు; ఇంకో రకం అంతే పొడవు, వెడల్పు 2.5. ఊరి పేర్ల వరసలో చెక్క అరలు, ఒక్కో అరలో నంబరు వరసలో టికెట్లు. లెక్క ఎంత తేలికో చూడండి. పొద్దున ప్రతి అరలో ముందున్న టికెట్టు నంబరు రాసుకుంటారు, రాత్రి మళ్లీ రాసుకుంటారు, తీసివేస్తే అమ్మినవి ఎన్నో తెలుస్తుంది, ధరతో గుణిస్తే డబ్బు తేలాలి. తేలకపోతే రాత్రి భోజనం ఆలస్యం. పిల్లల టికెట్టుకు వేరే అట్ట అక్కర్లేదు. పెద్దల టికెట్టు మూల కత్తిరించి ఇస్తారు, ఆ కత్తిరించిన ముక్కను దాచి లెక్కలో చూపిస్తారు. ముక్క పోతే పెద్ద టికెట్టు డబ్బే కట్టాలి.

తేదీ వేసే యంత్రం చిన్నదే. టికెట్టు కొసను గాడిలో పెట్టి ఒక్క ఊపున లాగాలి, గచాన్ అని చప్పుడు. నెమ్మదిగా లాగితే అంకెలు సగమే పడతాయి. రిబ్బను ఎండిపోతే కనపడవు. పొద్దున తేదీ చక్రం తిప్పడం మరిస్తే మొదటి బండివాళ్లందరికీ నిన్నటి టికెట్టు. సంవత్సరం చక్రవర్తి లెక్కలో ఉంటుంది కాబట్టి 1999 అక్కడ 11. ఆ ఏడు నవంబరు 11న 11.11.11 అచ్చు కోసం కిటికీల ముందు జనం వరస కట్టారు. గేటు దగ్గర కత్తెరతో గాటు వేసే తీరు ఇంకో విద్య. స్టేషన్‌ను బట్టి గాటు ఆకారం మారేది. బండిలో గార్డు టికెట్టు అంచు తడిమి ఎక్కడ ఎక్కారో చెప్పగలిగేవాడు. పని లేనప్పుడు కూడా కత్తెరను గాలిలో టకటకలాడించడం వాళ్ల అలవాటు. ఆ చప్పుడు పోయిన స్టేషన్ చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.

ఆఫీసు పక్కన సామాన్ల బల్ల. తూకం, తాడు, చీటీలు. ప్రయాణం టికెట్టు చూపిస్తే పెట్టెనో పరుపుచుట్టనో ముందే పంపించే ఏర్పాటును చిక్కి అనేవారు. కొడుకు పట్నంలో చదువుకో పనికో వెళ్తుంటే అతడి పరుపు అతడి కంటే ముందు వెళ్లేది. ఆపిళ్ల పెట్టెలు, ఊరగాయ జాడీలు, సైకిళ్లు కూడా అంతే. దారి మధ్యలో జాడీ కారి పక్కవాళ్ల పరుపు పాడవడం అక్కడి సిబ్బందికి తెలియని కష్టం కాదు. లారీలు వచ్చాక సరుకు జారిపోయింది, ప్రభుత్వ రైల్వే 1986 నవంబరులో సామాన్ల బళ్లు, తపాలా బళ్లు ఆపేసింది. జనం గదిలో గోడకు నల్లబల్ల కూడా ఉండేది. "మూడింటి బండి దాకా చూశాను, ముందు వెళ్తున్నా" అని సుద్దముక్కతో రాసి వెళ్లడానికి. కొన్ని గంటలు ఉంచి స్టేషన్‌వాళ్లు తుడిచేసేవారు. ఎవరూ చదవని కబురును తుడవడానికి ఆ ఉద్యోగి చెయ్యి ఎంతసేపు ఆగేదో.

చలికాలం ఈ పనులన్నీ రెట్టింపు. కానాగి ఉన్న ఈ త్సుగరు ప్రాంతంలో మంచు పైనుంచి పడటమే కాదు, నేల మీద పడ్డ మంచును గాలి లేపి అడ్డంగా కొడుతుంది. పది అడుగుల అవతల సిగ్నల్ స్తంభం కనపడదు. ఊళ్లవాళ్లు ఇళ్లకు పడమటి వైపు నిలువు చెక్కలతో కచ్చో అనే దడి కడతారు, రైల్వే కూడా లైను వెంట మంచు దడులు పెడుతుంది. పాయింట్లే అసలు సమస్య. కదిలే పట్టా నాలుకకీ, నిలిచిన పట్టాకీ మధ్య పిడికెడు మంచు చిక్కి, నొక్కుకుని గడ్డకడితే నాలుక అతుక్కోదు. లీవరు ఆఖరిదాకా రాదు, సిగ్నల్ వాలదు. బండి చక్రాల అడుగున వేలాడే మంచుగడ్డలు సరిగ్గా అక్కడే రాలిపడతాయి, పాయింటు మీద కుదుపుంటుంది కాబట్టి. కరెంటు వేడి పలకలు రాకముందు పాయింట్ల కింద కిరసనాయిలు దీపాలు పెట్టి మంచు కరిగించేవారు. గాలికి ఆరిపోకుండా చూడటం, చీపురుతో తుడవడం, పారతో తీయడం, మళ్లీ దీపం. మొదటి బండికి రెండు గంటల ముందే స్టేషన్‌లో దీపం వెలిగేది.

లైను మీద మంచు తీయడానికి ఇంజను లేని నాగలి పెట్టె ఉంటుంది, వెనకనుంచి డీజిలు ఇంజను తోస్తుంది. ముందు కోసుగా ఉండి మంచును రెండు పక్కలకూ చీలుస్తుంది, గాలి ఒత్తిడితో తెరుచుకునే రెక్కలు ఇంకా దూరం నెడతాయి. ప్లాట్‌ఫారం దగ్గర, వంతెన దగ్గర రెక్కలు మూయకపోతే రెక్కైనా విరుగుతుంది, రాయైనా ఊడుతుంది. అందుకని ముందే గుర్తు పలకలు పాతి ఉంటాయి. ఎండాకాలంలో వెళ్లినవాళ్లకు పొలాల మధ్య ఆ పలకలు ఎందుకో అర్థం కావు.

పొయ్యి బండి గురించి చెప్పకుండా త్సుగరు గురించి చెప్పినట్టు కాదు. డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా నడుస్తుంది. డీజిలు ఇంజను వెనక పాత పాసింజరు పెట్టెలు, ఒక్కో పెట్టెలో రెండు బొగ్గు పొయ్యిలు. పూర్వం ఆవిరి ఇంజనులోంచే వేడి ఆవిరి పెట్టెలకు వచ్చేది. ఈ డీజిలు ఇంజనుకు ఆవిరి లేదు, అందుకని పొయ్యి పెట్టారు, గొట్టం కప్పులోంచి పైకి. గార్డు పారతో బొగ్గు వేస్తాడు. పొయ్యి పక్క సీటులో మోకాళ్లు కాలతాయి, చివరి సీటులో ఊపిరి పొగలా కనపడుతుంది, కాబట్టి రెండో మూడో వరస మంచిది. పొయ్యి పైన వలలో ఎండు స్క్విడ్ కాలుస్తారు. మన ఎండుచేపల వాసనకు దగ్గర చుట్టం. పల్చటి ముక్క క్షణంలో ముడుచుకుపోతుంది. మాడకముందే తిప్పి, వేడి మీదే చీల్చుకోవాలి, చల్లారితే పళ్లకు పని.

స్టేషన్ గదిలో పొయ్యి కూడా ఇదే రకం, పొట్ట ఉబ్బినది. తెల్లవారుజామున బూడిద దులిపి, కాగితం, పుల్లలు, వాటి మీద చిన్న బొగ్గు, అంటుకున్నాక పెద్ద బొగ్గు. గాలి తలుపు ముందే మూసేస్తే గది నిండా పొగ. పైన నీళ్ల కెటిల్ వేడి టీ కోసమే కాదు, గది గాలి మరీ ఎండిపోకుండా ఉండటానికి. బడిపిల్లలు తడి చేతి తొడుగులు గొట్టం చుట్టూ ఆరబెట్టేవారు. ఉన్ని మాడిన వాసన ఆ గదులకు చెరగని గుర్తు.

తర్వాత జరిగింది తెలిసిందే. ఎక్కడో నగరంలో కూర్చున్నవాళ్లు పలక మీద దీపాలు చూసి వంద కిలోమీటర్ల సిగ్నళ్లు, పాయింట్లు మార్చగలిగారు. బిళ్లతో పని లేదు, బిళ్ల మోసే మనిషితోనూ పని లేదు. 1980 చట్టంతో నష్టాల లైన్లను లెక్కగట్టి 83 లైన్లను, సుమారు 3,157 కి.మీ., ప్రభుత్వ రైల్వే వదిలించుకుంది. కొన్ని బస్సులయ్యాయి, కొన్ని స్థానిక కంపెనీలకు వెళ్లాయి. 1987 ఏప్రిల్ 1న రైల్వేనే ముక్కలై ప్రైవేటు అయింది. అలా పుట్టిన జేఆర్ కంపెనీల లైన్లలో మామూలు బళ్లకు బిళ్లల మార్పిడి చివరిదాకా మిగిలింది తాదామి లైనులో, అదీ 2012లో ఆగింది. కొత్త పద్ధతి మేలైనదే, అందులో అనుమానం లేదు. కానీ దాన్నీ మనిషే నమ్మాలి. 1991 మే 14న షిగరాకి లైనులో సిగ్నల్ ఎర్రగానే ఉంటే, లైను ఖాళీగా ఉందో లేదో పూర్తిగా తేల్చుకోకుండా బండి పంపారు. 42 మంది చనిపోయారు. ఆ కొత్త సిగ్నళ్లు వచ్చి అప్పటికి కొద్ది నెలలే. చేతిలో వస్తువు లేకుండా దీపాన్ని నమ్మడం వేరే అలవాటు, అది ఒక్క రోజులో రాదు.

మన ఫోన్లలో ఇప్పటికీ తిరిగే ఒక కథ ఉంది, జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైడోలో ఒక్క బడిపిల్ల కోసం స్టేషన్ నడిపారని. అందులో చూపించే కామి-షిరాతకికి రోజుకు అటు ఒకటి, ఇటు ఒకటి బండి ఉన్న మాట నిజం. ఆ అమ్మాయి ఎక్కేది మాత్రం పక్కనున్న క్యూ-షిరాతకిలో. షిమో-షిరాతకితో కలిపి మూడూ 2016 మార్చిలో మూతపడ్డాయి. అక్కడ టైంటేబుళ్లు మారేదీ మార్చిలోనే, బడి ఏడు ముగిసేదీ మార్చిలోనే. మనసును తాకిన కథే, కాదనను. కాకపోతే ఆ స్టేషన్లలో అప్పటికే ఉద్యోగులెవరూ లేరు. పిల్లకు టాటా చెప్పడానికి టోపీ పెట్టుకున్న స్టేషన్ మాస్టరు అక్కడ నిలబడి లేడు.

మనుషులు లేని స్టేషన్‌లో ఎక్కేవాళ్లకు రెండు మాటలు. ఒకే ఒక ఉద్యోగి నడిపే బండిలో సాధారణంగా వెనక తలుపులో ఎక్కి, నంబరు చీటీ తీసుకోవాలి. చలి ప్రాంతాల్లో తలుపు దానంతటది తెరుచుకోదు, మీట నొక్కాలి. తెలియక బయటే నిలబడి బండి పోగొట్టుకున్నవాళ్లున్నారు. దిగేముందు డ్రైవరు తల పైనున్న పలకలో మీ చీటీ నంబరు కింద ఎంత కనపడితే అంత, సరిగ్గా లెక్కపెట్టి, చీటీతో కలిపి డబ్బాలో వేయాలి. చిల్లర యంత్రం 1,000 యెన్ నోటు తీసుకుంటుంది, పెద్ద నోట్లు తరచు తీసుకోదు. దిగే స్టేషన్ వచ్చాక కాదు, బండి ముందు స్టేషన్‌లో ఆగినప్పుడే మార్చుకోవాలి.

కానాగిలో ఇవన్నీ ఇంకా సగం సగంగా నిలిచి ఉన్నాయి. అట్ట టికెట్టు ఉంది, చెయ్యి వాలే సిగ్నల్ ఉంది. గోషోగవారా నుంచి కానాగి దాకా 12.8 కి.మీ. బిళ్లల సెక్షన్. అక్కణ్నుంచి నాకాసాతో దాకా 7.9 కి.మీ. స్టాఫ్ సెక్షన్, అంటే యంత్రం లేదు, మొత్తం సెక్షన్‌కి ఒకే ఒక గుర్తు వస్తువు. అది ఎవరి చేతిలో ఉంటే ఆ బండే అటు వెళ్లాలి. అది అవతల ఉండిపోతే ఇవతలనుంచి రెండో బండి పంపడం కుదరదు, కొసన ఒక్క బండే తిరిగే లైనుకు అది చాలు. అందుకే రెండు బళ్లూ కానాగిలో కలిసినప్పుడు ఉద్యోగి చేసే పనులు రెండు రకాలు. నాకాసాతో నుంచి వచ్చిన డ్రైవరు ఇచ్చిన స్టాఫ్‌ను నాకాసాతో వెళ్లే డ్రైవరుకు అందిస్తే సరి. గోషోగవారా నుంచి వచ్చిన బిళ్లను మాత్రం అలా చేతులు మార్చకూడదు. అది ముందు పెట్టెలోకి వెళ్లాలి, సెక్షన్ ఖాళీ అయినట్టు రెండు స్టేషన్లకూ తెలియాలి, మళ్లీ గంట, మళ్లీ ఒప్పుకోలు, అప్పుడు కొత్తగా ఒక బిళ్ల. ఆ బిళ్ల ఇందాకటిదే కావచ్చు, అయినా సరే.

టైంటేబులులో రెండు బళ్లూ కానాగిలో కలిసే వేళ చూసుకుని, ఐదు నిమిషాల ముందే ప్లాట్‌ఫారం మీద, నడకదారికి అడ్డం రాకుండా నిలబడండి. మొదటి బండి వచ్చి ఆగుతుంది. రెండోది వస్తుంది. ఉద్యోగి వలయం భుజాన వేసుకుని పట్టాలు దాటతారు, తిరిగొస్తారు, లోపలికి వెళ్తారు. బిళ్ల ఇనుప పెట్టెలోకి జారుతుంది. గోషోగవారా నుంచి గంట మోగుతుంది.